ఉగాండా మిషన్ ట్రిప్‌లో నన్ను ప్రైమరీ క్లాసుకి వేశారు, టీచింగ్ అనుభవం లేదు. ఏం చేయాలి?

వందనాలండి. మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: మీ సంఘం నుంచి ఒక బృందం రెండు వారాలకు ఉగాండా వెళ్తోంది. మిగతావాళ్ళు మెడికల్ క్యాంపులో, కట్టడం పనిలో ఉంటారు. మిమ్మల్ని మాత్రం ఒక పల్లెటూరి ప్రైమరీ స్కూల్లో క్లాసుకి వేశారు. మీరు ఆఫీసు ఉద్యోగం చేసేవారు, పిల్లలకు ఎన్నడూ పాఠం చెప్పలేదు. ఏం చెప్పాలి, ఏం పట్టుకెళ్ళాలి, బైబిల్ కథలు చెప్పొచ్చా అన్నవి మీ టెన్షన్లు.

సూటిగా చెప్తాను. పాఠం చెప్పకండి, టీచరుకు సాయంగా ఉండండి. చదవడం సరిగా రాని ఓ ఆరేడుగురు పిల్లల్ని టీచరే ఎంచి అప్పజెబితే, రోజూ అదే వేళకి ఓ అరగంట, అదే పిల్లలతో కూర్చుని చదివించండి. రెండు వారాల కోసం బయటినుంచి వచ్చిన మనిషి బడిలో చేయగలిగిన పనుల్లో ఇంతకు మించి పనికొచ్చేది నాకు కనబడలేదు.

నేను ప్రైమరీ టీచర్ని. చర్చి బృందాలతో ఉగాండాలోనూ మలావీలోనూ బడుల్లో పనిచేశాను. తర్వాత అలా వెళ్ళేవాళ్ళకు ముందుగా శిక్షణ ఇచ్చే పని కూడా నాకే అప్పగించారు. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

పాఠం ఎందుకు వద్దంటున్నానంటే

ఉగాండాలో ప్రైమరీ అంటే పీ1 నుంచి పీ7 దాకా ఏడేళ్ళు. 1997లో ప్రాథమిక విద్య ఉచితం చేశాక పిల్లలు ఒక్కసారిగా బడులకు వచ్చిపడ్డారు. టీచర్లు, గదులు ఆ లెక్కన పెరగలేదు. ఇప్పటికీ పల్లెల్లో ఒక్క గదిలో ఎనభై, తొంభై మంది కనబడితే ఆశ్చర్యపోకండి. అంతమందిని పట్టుకుని ఆ టీచరు టర్ము మొదట్లోనే ఏ వారం ఏ పాఠం అన్నది రాసిపెట్టుకుంటారు. మీరు వెళ్ళి 'ఈ రోజు నేను చెప్తా' అంటే ఆమె మొహమాటంతో సరే అంటారు. అతిథిని కాదనడం అక్కడ మర్యాద కాదు. కానీ ఆ పీరియడ్ పాఠం మీరు వెళ్ళాక ఆమె మళ్ళీ చెప్పుకోవాలి. పీ7 సంగతి ఇంకా సున్నితం. ఏడాది చివర ఉగాండా జాతీయ పరీక్షల బోర్డు పెట్టే పీఎల్ఈ (ప్రైమరీ చదువు ముగింపు పరీక్ష) మీదే ఆ పిల్లల తర్వాతి చదువు ఆధారపడి ఉంటుంది. పీ7 క్లాసులోకి పాటలూ ఆటలూ పట్టుకుని వెళ్ళొద్దు. హెడ్ టీచరు రమ్మన్నా సున్నితంగా తప్పుకోండి.

ఒకసారి ఒక బృందం తోలుబొమ్మలతో పెద్ద కార్యక్రమం తయారు చేసుకుని వచ్చింది. బొమ్మలు బాగున్నాయి, పిల్లలు పడీ పడీ నవ్వారు. కానీ మూడు క్లాసుల్ని బయట కూర్చోబెట్టారు, ఆ పొద్దుటి లెక్కలు, ఇంగ్లిష్ రెండూ పోయాయి. అదే బృందంలో బ్యాంకులో రిటైరైన ఒకాయన ఉన్నారు. ఆయనకు పాటలు రావు, ఆటలు రావు. వెనక బెంచీ పక్కన కూర్చుని రోజంతా లెక్కల నోటుబుక్కులు దిద్దారు. ఆ వారం చివర్లో టీచరు ఎవరికి ఎక్కువ కృతజ్ఞతలు చెప్పారో నేను చెప్పక్కర్లేదు. తొంభై నోటుబుక్కులు దిద్దడం అంటే ఆమెకు ప్రతి సాయంత్రమూ పోయినట్టే. దిద్దే ముందు ఒక్క మాట: ఆ టీచరు ఎలా గుర్తులు పెడతారో చూసి అలాగే పెట్టండి. తప్పు దగ్గర గీత మాత్రమే గీసి, పిల్లాడితో మళ్ళీ చేయించాలా, సరైన జవాబు రాసివ్వాలా అన్నది ఆమెనే అడగండి.

ఏ తరగతి అడగాలి

ఇది చాలామంది బృంద నాయకులకు తెలియని విషయం, అందుకే కాస్త వివరంగా రాస్తాను. 2007 నుంచి అమలవుతున్న పాఠ్యప్రణాళిక ప్రకారం ఉగాండా పల్లె బడుల్లో పీ1 నుంచి పీ3 దాకా స్థానిక భాషలో చదువు. మధ్య ప్రాంతంలో అయితే లుగాండా, ఉత్తరాన అచోలీ, తూర్పున అటేసో, ఇలా ప్రాంతాన్ని బట్టి. పీ4లో ఇంగ్లిష్ మాధ్యమానికి మారతారు. కంపాలా లాంటి పట్టణాల్లో మొదటి నుంచీ ఇంగ్లిషే నడిచే బడులు చాలా ఉన్నాయి. మీరు వెళ్ళేది పల్లె కాబట్టి పీ2లో వేస్తే చదివించే పనికి మీరు పనికిరారు, ఎందుకంటే ఆ భాష మీకు రాదు. అక్కడ నోటుబుక్కులు, లెక్కలు, పెన్సిళ్ళు చెక్కడం, అంతే. కాబట్టి మీ టీమ్ లీడర్‌తో ఇప్పుడే చెప్పి పీ4 గానీ పీ5 గానీ అడగండి.

పీ4 పిల్లలు ఎక్కడ తట్టుకుని పడతారో తెలిస్తే మీ పని సులువవుతుంది. లుగాండా లాంటి భాషల్లో అక్షరం ఎలా రాస్తే అలాగే పలుకుతారు. బ, బె, బి, బొ, బు అని మన గుణింతంలా వల్లించి చదవడం నేర్చుకుంటారు. అక్కడ 'ఎ' అనే ఇంగ్లిష్ అక్షరం ఎప్పుడూ 'అ' అనే పలుకుతుంది. పీ4లోకి రాగానే అదే అక్షరం 'క్యాట్'లో ఒకలా, 'కేక్'లో ఇంకోలా, 'కార్'లో మరోలా పలకాలంటారు. తెలివైన పిల్లలు కూడా అక్కడే ఆగిపోతారు. వాళ్ళకు బుర్ర లేక కాదు, దారి మారిందని ఎవరూ విడమరిచి చెప్పే తీరిక లేక. మీరు చేయాల్సింది ఆ తీరిక ఇవ్వడం.

ఇంకొకటి. లుగాండా మాట్లాడే పిల్లలు 'ర'ను 'ల'గా, 'ల'ను 'ర'గా పలకడం మామూలే. వాళ్ళ భాషలో ఆ రెండూ ఒకే శబ్దానికి రెండు రూపాలు. పిల్లాడు 'రైస్' అని ఉన్నచోట 'లైస్' అంటే వాడికి చదవడం వచ్చినట్టే లెక్క. ఉచ్చారణ సరిదిద్దుతూ కూర్చుంటే రెండో రోజుకి నోరు విప్పడం మానేస్తారు. మన ఉచ్చారణ కూడా వాళ్ళకు కొత్తే కదా. మొదటి ఒకటి రెండు రోజులు మీరు ఏమంటున్నారో వాళ్ళకు సగం అర్థం కాదు. చిన్న చిన్న వాక్యాలు, నిదానంగా, చేతులు చూపిస్తూ మాట్లాడండి.

ఆ అరగంట ఎలా గడపాలి

మొదటి రోజు ఒక్కొక్కరినీ విడిగా చదివించి చూడండి. కాగితం మీద కొన్ని అక్షరాలు, కొన్ని చిన్న పదాలు, నాలుగు వాక్యాల పేరా, ఒక చిన్న కథ రాసుకెళ్ళండి. ఎక్కడ ఆగిపోతే అదే వాళ్ళ మెట్టు. ఇది నా సొంత తెలివేం కాదు. చదువు రంగంలో పనిచేసే ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ మన దేశంలో 2005 నుంచి, పిల్లలకు చదవడం ఎంత వచ్చో చూసే అసర్ సర్వేకి వాడుతున్న పద్ధతే ఇది. దాన్ని చూసే 2009లో కెన్యా, టాంజానియా, ఉగాండాల్లో ఉవెజో సర్వే మొదలైంది. వయసుని బట్టి కాకుండా మెట్టుని బట్టి గుంపులు చేసి నేర్పించడం ప్రథమ్ వాళ్ళ మరో పద్ధతి. అది ఇప్పుడు ఆఫ్రికాలో చాలా దేశాలకు పాకింది. అంటే మీరు చేసేది అక్కడి టీచర్లకు పరాయిదిగా అనిపించదు, కొందరు శిక్షణలో విని కూడా ఉంటారు.

మీ గుంపులో దాదాపు అందరూ ఒకే మెట్టు మీద ఉండేలా చూడమని టీచర్ని అడగండి. 'వీళ్ళు మొద్దులు' అని పిల్లల ముందే ఎవరైనా అంటే మీరు దానికి వంతపాడకండి. ఒకరిద్దరు బాగా చదివే పిల్లల్ని కూడా గుంపులో కలిపితే ఆ ముద్ర పడదు, పైగా వాళ్ళు మీకు దుబాసీలుగా పనికొస్తారు.

రోజూ ఇంచుమించు ఇలా నడపండి. ముందు వాళ్ళకు వచ్చిన పాట ఒకటి వాళ్ళతోనే పాడించండి, మీకు నేర్పమనండి. తర్వాత అక్షరాల కార్డులతో లేదా సోడా సీసా మూతల మీద అక్షరాలు రాసి నేల మీద పదాలు కట్టించండి. మూతలు అక్కడ కావలసినన్ని దొరుకుతాయి. ఆ తర్వాత నాలుగు వరసల పేరా: మీరు వేలు పెట్టి చదవాలి, తర్వాత అందరూ కలిసి, తర్వాత ఒక్కొక్కరు. ఆఖర్న చదివిందాని గురించి ఏదో ఒకటి చెప్పమనండి, వాళ్ళ భాషలో చెప్పినా సరే. మీకు అర్థం కాకపోయినా పక్క పిల్లలు నవ్వుతారో, సరిదిద్దుతారో చూస్తే తెలిసిపోతుంది.

బృందగానాన్ని నమ్మకండి. అక్కడి క్లాసుల్లో ఒక అలవాటు ఉంది. టీచరు వాక్యం చివరి మాటను సగంలో ఆపి గొంతు పెంచుతారు, పిల్లలంతా ఒక్క గొంతుతో పూర్తి చేస్తారు. 'అర్థమైందా' అంటే 'ఎస్ టీచర్' అని గది దద్దరిల్లుతుంది. తొంభై మందిని ఒక్క మనిషి పట్టి ఉంచడానికి అది మంచి సాధనమే, నేను తప్పు పట్టను. కానీ కొత్తగా వెళ్ళినవాళ్ళు ఆ హోరు విని పాఠం అందరికీ వచ్చేసిందనుకుంటారు. ఆ గొంతుల్లో సగం పక్కవాడి పెదాలు చూసి పలికినవే. ఒక్కొక్కరినీ విడిగా వింటేనే నిజం బయటపడుతుంది. టీచరుకు ఆ వ్యవధి లేదు, మీకు ఉంది.

ప్రపంచ బ్యాంకు 2022 అంచనా ప్రకారం పేద, మధ్యాదాయ దేశాల్లో పదేళ్ళ పిల్లల్లో సుమారు 70 శాతం మంది ఒక చిన్న కథ చదివి అర్థం చేసుకోలేరు. రెండు వారాల్లో మీరు దాన్ని మార్చేయలేరు. కానీ ఆరుగురిలో ఇద్దరు పదాల నుంచి వాక్యాల్లోకి వస్తే అది మీ ప్రయాణానికి తక్కువ ఫలితమేం కాదు.

పట్టుకెళ్ళాల్సినవి, వద్దన్నవి

చాక్లెట్లు, పెన్సిళ్ళు పిల్లల చేతికి నేరుగా ఇవ్వకండి. నలభై పెన్సిళ్ళు తీసుకెళ్తే తొంభై మంది ఉంటారు. తోపులాటలో చిన్నవాళ్ళు కింద పడటం నేను కళ్ళారా చూశాను. పైగా మర్నాటి నుంచి మిమ్మల్ని చూడగానే చేతులు చాస్తారు, చదువు పక్కకి పోతుంది. ఇవ్వాలనుంటే హెడ్ టీచర్ని అడిగి, దగ్గర పట్నంలోనే కొని, ఆయన చేతికే ఇవ్వండి. ఎక్కువసార్లు ఆయన అడిగేది సుద్దముక్కలు, మనీలా చార్టు కాగితం, మార్కర్లు.

ట్యాబ్, ల్యాప్‌టాప్ పాఠాలు మానేయండి. చాలా బడుల్లో కరెంటు లేదు, ఉన్నా నమ్మకం లేదు. టీచర్లు పాత గోనెసంచుల మీద, అట్టల మీద రంగులతో చార్టులు రాసుకుంటారు. మలావీలో ఇలా చుట్టుపక్కల దొరికేవాటితో బోధనోపకరణాలు చేసుకోవడానికి టాలులార్ అని పేరు కూడా పెట్టి టీచర్లకు శిక్షణలో నేర్పుతారు. మీ చేతిరాత బాగుంటే మధ్యాహ్నాలు కూర్చుని టీచరు అడిగిన చార్టులు రాసివ్వండి. మీరు వచ్చేశాక కూడా అవి గోడ మీద ఉంటాయి.

భోజనం సంగతి ఒకటుంది. మధ్యాహ్నం తిండికి చాలా బడుల్లో తల్లిదండ్రులే డబ్బో మొక్కజొన్నలో ఇవ్వాలి, ఇవ్వలేనివాళ్ళ పిల్లలు కొందరు పస్తుంటారు. మీ బిస్కెట్ ప్యాకెట్ పిల్లల ముందు విప్పకండి. బృందానికి పంపిన లంచ్ బాక్సులు స్టాఫ్ రూములో తినండి.

బైబిల్ కథల గురించి

మీకు ఆశ్చర్యంగా ఉండొచ్చు, ఉగాండా బడుల్లో క్రైస్తవ మతబోధ, ఇస్లాం మతబోధ పాఠ్యప్రణాళికలోనే ఉన్నాయి. చాలా ప్రభుత్వ సాయం బడులకు చర్చ్ ఆఫ్ ఉగాండా, కథోలిక సంఘం, ముస్లిం సంస్థలు వ్యవస్థాపక సంస్థలుగా ఉంటాయి. కాబట్టి కథ చెప్పడమే నేరమేం కాదు. కానీ చర్చి పెట్టిన బడిలో కూడా ముస్లిం పిల్లలు ఉంటారు. నా పద్ధతి ఏమిటంటే, అసెంబ్లీలో గానీ మతబోధ పీరియడ్‌లో గానీ హెడ్ టీచరు పిలిస్తే చెప్పడం, పిలవకపోతే ఊరుకోవడం. చదివించే గుంపులో మాత్రం ఎప్పుడూ చెప్పను. చదవడానికి సాయం కావలసిన పిల్లాడు దాని కోసం ప్రార్థన కూడా చేయాల్సి వస్తే, వాడికి కాదనే వీలెక్కడుంది? కథల్ని బహుమతులకూ, 'నేను నమ్ముతాను' అని పిల్లలతో అనిపించే నిర్ణయాలకూ ముడిపెట్టడం అసలే వద్దు. మన సాక్ష్యం మన నడవడిలో కనబడితే చాలు అని నా అభిప్రాయం. దీనితో ఏకీభవించని పాస్టర్లు ఉన్నారు, వాళ్ళతో నేను వాదించి ఉన్నాను కూడా.

ఇదే బృందం తర్వాత వేరే దేశం వెళ్తే అక్కడి చట్టం చూసుకోండి. ఉదాహరణకు నేపాల్‌లో 2018 ఆగస్టు నుంచి అమల్లో ఉన్న శిక్షాస్మృతి ప్రకారం మతం మార్చే ప్రయత్నానికి ఐదేళ్ళ దాకా జైలు, విదేశీయులైతే శిక్ష తర్వాత దేశం నుంచి పంపించేస్తారు. ఉగాండాలో నడిచింది కదా అని అక్కడా చేస్తే మీకంటే ముందు అక్కడి సంఘం ఇరుక్కుంటుంది.

పిల్లల భద్రత

దీంట్లో బేరం లేదు. ఏ పిల్లతోనూ, పిల్లాడితోనూ మూసిన గదిలో ఒంటరిగా ఉండకండి. మీ గుంపు చెట్టు కింద, అందరికీ కనబడే చోట కూర్చోవాలి. మీ సంఘం పోలీసు క్లియరెన్స్ అడక్కపోతే మీరే తీసుకుని ఇవ్వండి, మిగతావాళ్ళకూ అలవాటవుతుంది. ఫోటోలు బడి అనుమతితో, క్లాసు వేళ కాకుండా తీయండి. పిల్లల మొహాలు, బడి పేరు కలిపి ఇన్‌స్టాలో పెట్టకండి. మీ కార్యక్రమంలో 'అనాథాశ్రమ సందర్శన' అని ఉంటే ఎందుకని అడగండి. అలాంటి చోట్ల ఉన్న పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉంటారు. సందర్శకులూ విరాళాలూ వస్తున్నాయనే పిల్లల్ని ఇళ్ళ నుంచి తెచ్చి పెట్టే చోట్లు ఉన్నాయి. 2019 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ కూడా తీర్మానంలో అనాథాశ్రమ వాలంటీరు యాత్రల వల్ల పిల్లలకు జరిగే హానిని ప్రస్తావించింది.

బెత్తం కనబడొచ్చు. ఉగాండాలో 2016 చట్ట సవరణతో బడుల్లో కొట్టడం నిషేధం, అయినా పూర్తిగా పోలేదు. పిల్లల ముందు టీచర్ని నిలదీయకండి. మీరు వెళ్ళాక ఆ కోపం పిల్లల మీదే తీరొచ్చు. ఆ రోజే మీ టీమ్ లీడర్‌కి చెప్పండి, ఆయన హెడ్ టీచర్‌తో మాట్లాడాలి. గాయమయ్యేలా కొడితే మాత్రం రేపటిదాకా ఆగొద్దు.

ఇప్పుడే చూసుకోవాల్సినవి

మీరు వెళ్ళే తేదీల్లో బడి ఉందా? నవ్వకండి, సెలవుల్లో వెళ్ళిన బృందాలు ఉన్నాయి. ఉగాండాలో బడి ఏడాది ఫిబ్రవరి ప్రాంతంలో మొదలై మూడు టర్ములుగా డిసెంబరు దాకా నడుస్తుంది. మే నెలలో, ఆగస్టు చివర్లో టర్ముల మధ్య సెలవులు వస్తాయి. టర్ము ఆఖరి వారం పరీక్షలు, అప్పుడు వెళ్ళినా పని ఉండదు. పర్యాటక వీసా మీద జీతం లేని పని కూడా చేయొచ్చా అన్నది మిమ్మల్ని పిలుస్తున్న స్థానిక సంఘాన్ని రాతపూర్వకంగా అడగండి. పసుపు జ్వరం టీకా తప్పనిసరి, కనీసం పది రోజుల ముందు వేయించుకుని ఆ కార్డు పాస్‌పోర్టుతో పెట్టుకోండి. మలేరియా మందుల గురించి డాక్టరుతో మాట్లాడండి.

ఉత్తరాలు, వాగ్దానాలు, చివరి రోజు

రెండో వారంలో మీ చేతిలో మడిచిన కాగితాలు పెడతారు. బూట్లు కావాలని, ఫీజు కట్టమని, నన్ను మీ దేశం తీసుకెళ్ళమని రాసి ఉంటుంది. చదివితే గుండె కరుగుతుంది. అక్కడికక్కడే డబ్బు తీసి ఇవ్వకండి, 'చూద్దాం' అని కూడా అనకండి. వాళ్ళ లెక్కలో చూద్దాం అంటే సరే అనే. 'నేను ఇవ్వలేను, ఇది హెడ్ టీచరుకు చూపిస్తాను' అని చెప్పి నిజంగానే చూపించండి. ఏ ఇల్లు నిజంగా కష్టంలో ఉందో ఆయనకు తెలుసు. సాయం చేయాలనుకుంటే బడి ద్వారా, సంఘం ద్వారా, తర్వాత చేయండి. ఫోన్ నంబరు, ఫేస్‌బుక్ పేరు పిల్లలకు ఇవ్వొద్దు. మళ్ళీ వస్తానని ఖాయంగా తెలియకపోతే ఆ మాట అనొద్దు. ఏటా వేరే వేరే బృందాలు వచ్చి అందరూ అదే మాట చెప్పి వెళ్ళిన బడిలో పిల్లలు దాన్ని పట్టించుకోవడం మానేస్తారు.

మొదటి రోజే 'నేను ఫలానా శుక్రవారం దాకా ఉంటాను' అని మీ గుంపుకి చెప్పండి. వెళ్ళే ముందు, ఏ పిల్ల ఏ మెట్టు మీద మొదలై ఎక్కడికి వచ్చిందో ఒక్క పేజీలో రాసి టీచరుకు ఇవ్వండి, కార్డులూ మూతలూ ఆమెకే వదిలేయండి. వీడ్కోలు సభ పెడతామంటే క్లాసులు అయిపోయాక పెట్టుకుందామని బతిమాలండి.

మీరు వెళ్ళే ప్రాంతం ఏదో, పీ4 ఇస్తున్నారో లేదో తెలిశాక కింద రాయండి. ఏ పదాలు, ఏ పేరా రాసుకెళ్తే బాగుంటుందో చెప్తాను.